ఎడ్డా గ్రంథములును జక్కమ్మ గుడియును: పుస్తకమున మిగిలిన మతము, నోట మిగిలిన మతము

ఉత్తర ఐరోపాలోని స్కాండినేవియా దేశములందును, అట్లాంటిక్ మహాసముద్రమునందలి ఐస్‌లాండు ద్వీపమునను క్రైస్తవమునకు పూర్వము వ్యాపించియుండిన దేవతాగాథలకు నార్స్ పురాణములని పేరు. ఓడిన్, థోర్, ఫ్రెయ్యా మున్నగు దేవతలను కొలిచిన ఆ ప్రాచీనాచారము వేయి సంవత్సరముల క్రిందట రూపుమాసి, ఇరువదవ శతాబ్ది యుత్తరార్ధమున మరల తల యెత్తినది. దాని నవలంబించినవారు నేడు తమ్ము హీథెనులని చెప్పుకొందురు. బీడునేలలయందు నివసించువాడని ఆ పదమునకు వ్యుత్పత్తి చెప్పుదురు. ఒకప్పుడు నిందగా వాడబడిన పేరునే వారు బిరుదముగా స్వీకరించిరి.

తమిళనాటి దక్షిణభాగమున కోవిల్‌పట్టి, విరుదునగరముల చుట్టునున్న నల్లరేగడి నేలలలో శతాబ్దులుగా కాపురమున్న తెలుగువా రీ గాథలను చదువుటవలన నేమి ప్రయోజనమని ప్రశ్న కలుగవచ్చును. ప్రయోజనము కలదు. ఐస్‌లాండులో పూజ పోయి పుస్తకము మిగిలినది. కోవిల్‌పట్టి సీమలో పూజ మిగిలి పుస్తకము కొరవడినది. ఒకచోటి నష్టమెట్లు కలిగెనో, దాని నెంతవరకు పూరింపగలిగిరో తెలిసికొన్నచో, రెండవచోట కాపాడుకొనవలసిన దేదియో స్పష్టమగును.

గాథలు గ్రంథస్థమైన విధము

ఐస్‌లాండునకు 9వ శతాబ్ది యుత్తరార్ధమున ప్రధానముగా నార్వేనుండియు, కొంత బ్రిటిష్ దీవులనుండియు జనులు వలస వచ్చిరి. 930 ప్రాంతమున వారు ఆల్‌థింగ్ అను మహాసభ నేర్పరచుకొనిరి. ఆ దేశమున రాజు లేడు. ఏటేట బయలు ప్రదేశమున కూడి, శాసనములను కంఠస్థము చేసిన ధర్మవక్త యెదుట తగవులు తీర్చుకొనెడివారు. క్రైస్తవము ప్రవేశించినపుడు దేశము రెండు పక్షములై కలహమునకు సిద్ధమాయెను. 1000 ప్రాంతమున ఇరుపక్షములవారును తీర్పు భారమును ధర్మవక్తయైన థోర్గెయిర్ మీద నుంచిరి. ఆయన పాతదేవతలను కొలుచువాడే. ఒక పగలు నొక రాత్రి కంబళి కప్పుకొని మౌనముగా పరుండి లేచి, దేశమంతట నొకే ధర్మ ముండవలెననియు, అందరును క్రైస్తవులు కావలెననియు ఆయన తీర్పు చెప్పెను. పాతదేవతలకు చాటుగా బలు లిచ్చుకొనుట కారంభమున సెలవుండెను. కొలది యేండ్లకే అదియు తొలగింపబడెను. ఈ వృత్తాంతమును 12వ శతాబ్దిలో ఆరి యను పండితుడు తన చరిత్రమున వ్రాసి యుంచెను.

ఆ తీర్పు వెలువడిన రెండు వందల యేండ్ల పిదప, 1220 ప్రాంతమున, స్నోర్రి స్టర్లుసన్ అను నాతడు గద్య ఎడ్డాను రచించెను. ఈయన (1179–1241) రాజకీయవేత్త, కవి, చరిత్రకారుడు, మతముచేత క్రైస్తవుడు. పాతదేవతలను కొలుచుట ఆయన యుద్దేశము కాదు. యువకవులకు కవిత్వవిద్య నేర్పుటయే ఆయన తలంపు. ఆ దేశపు కవులు బంగారమును 'ఫ్రెయ్యా కన్నీ'రనియు, 'సిఫ్ కురు'లనియు, కవిత్వమును 'ఓడిన్ మధు'వనియు చెప్పుచుందురు. గాథ తెలియనివాని కీ మాట లర్థము కావు. ముక్కంటి, చిలుకరౌతు అను మాటలు పురాణమెరుగని తెలుగు విద్యార్థి కెట్లు బోధపడవో, ఇదియు నట్లే. కావున స్నోర్రి కవిత్వమును రక్షించుటకై పురాణమును వ్రాసెను. ఆ ప్రయత్నముననే ఒక జాతి దేవతలు కాలగర్భమున కలియక నిలిచిరి.

అంతకంటె ప్రాచీనములైన పద్యములను 1270 ప్రాంతమున పేరు తెలియని లేఖకు డొకడు చర్మపత్రములపై వ్రాసెను. దానినే పద్య ఎడ్డా యందురు. ఆ ప్రతి 1643లో బ్రిన్యోల్ఫుర్ స్వెయిన్సన్ అను బిషప్పు చేతికి వచ్చెను. 1662లో డెన్మార్కు రాజునకు కానుకగా పోయెను. 1971 ఏప్రిలులో ఐస్‌లాండునకు ఓడమీద తిరిగి వచ్చినపుడు దానిని స్వాగతించుటకు రాజధానియైన రేక్యవిక్ రేవున జనసమూహము గుమిగూడినది. ఇప్పుడందు 45 పత్రములున్నవి. నడుమ ఎనిమిది పత్రములు ఎన్నడో పోయినవి. సిగుర్ద్ అను వీరుని కథలో కొంతభాగ మా పత్రములతోడనే పోయినది. ఆ పద్యములు నేటికిని దొరకలేదు. ఒక జాతి స్మృతి ఎంత సన్నని దారముపై వ్రేలాడుచుండునో తెలియుటకు ఆ ఎనిమిది పత్రములే చాలును.

దేవతలును లోకములును

నార్స్ గాథలలో దేవతలు ఏసిర్, వానిర్ అని రెండు కుటుంబములవారు. మొదట పోరాడి, పిదప సంధి చేసికొనిరి. ఓడిన్ జ్ఞానమునకై ఒక కన్నును త్యాగము చేసినవాడు. థోర్ సుత్తెచేత రాక్షసులను మర్దించు ఉరుముల దేవుడు. ఫ్రెయ్ పాడిపంటల దేవుడు. ఆయన సోదరి ఫ్రెయ్యా ప్రేమకును, యుద్ధమునకును అధిదేవత. లోకి యను మాయావి దేవతల నడుమ మెలగుచు వారికి మేలును కీడును చేయును. యగ్‌డ్రసిల్ అను మహావృక్షము లోకములన్నిటిని మోయుచుండును. దాని మొదట ముగ్గురు విధిదేవతలు నీరు పోయుచుందురు. కడపట రాగ్నరోక్ అను ప్రళయమున దేవతలే హతులగుదురు. పిదప పచ్చని భూమి మరల సముద్రమునుండి పైకి తేలును.

ఇందు కొన్ని విషయములు సంస్కృతవాఙ్మయమును జ్ఞప్తికి దెచ్చును. యిమిర్ అను ఆదిపురుషుని దేహమునుండి భూమ్యాకాశము లేర్పడినవను గాథ పురుషసూక్తమునకు దగ్గరగా నున్నది. భాషాశాస్త్రజ్ఞులు యిమిర్ శబ్దమును యమశబ్దముతోను, టిర్ అను దేవుని పేరును దేవశబ్దముతోను కలిపి చూపుదురు. రెండు భాషలును ఒకే మూలమునుండి వచ్చినందున ఈ పోలిక లేర్పడినవి. వారముల పేళ్లలో కనబడు సామ్యమునకు మాత్రము కారణము వేరు. గ్రహముల పేళ్లుగల వారపద్ధతి తూర్పునకును, పడమరకును ప్రాకినది. అందుచేత మంగళవారమునకు టిర్, బుధవారమునకు ఓడిన్, గురువారమునకు థోర్, శుక్రవారమునకు ఫ్రిగ్ అధిపతులై ఆంగ్లభాషలోని వారముల పేళ్లలో నేటికిని నిలిచియున్నారు. తెలుగు ద్రావిడభాష యగుటచే, దాని పల్లెదేవతలకును ఈ దేవతలకును రక్తబంధుత్వము వెదకుట తగదు. ఇక ముందు చూపబడు పోలికలు జీవితము ఒకతీరుగా నుండుటచే కలిగినవి.

పుస్తకమునుండి పూజకు

1972లో, ఐస్‌లాండువారు వేసవి మొదటి దినముగా పాటించు పండుగనాడు, స్వెయిన్‌బ్యోర్న్ బెయిన్‌టెయిన్సన్ (1924–1993) అను రైతుకవి కొలదిమంది మిత్రులతో ఆసాత్రూ సంఘమును స్థాపించెను. పాతబాణీలో పద్యములు గానము చేయుటయందాయన ప్రసిద్ధుడు. 1973లో ప్రభుత్వ మా సంఘమును మతసంస్థగా గుర్తించెను. వివాహములు, అంత్యక్రియలు జరుపు అధికారము దానికి లభించెను. నేడు సభ్యుల సంఖ్య ఐదువేలు దాటినది. రేక్యవిక్ నగరమున 2015లో దేవాలయ నిర్మాణ మారంభమైనది.

వీరి ముఖ్యమైన క్రతువునకు బ్లోత్ అని పేరు. పూర్వ మది పశుబలి. ఐస్‌లాండు సంఘమువా రిప్పుడు పశువును వధింపరు. బహిరంగ ప్రదేశమున అగ్ని చుట్టును నిలిచి, ఎడ్డా పద్యములు చదివి, పానీయము నింపిన కొమ్మును చేతినుండి చేతికందించుచు, దేవతలను, పూర్వులను, ఆ నేలను కాచు భూతములను స్మరించి, పిమ్మట సహపంక్తి భోజనము చేయుదురు. ప్రాచీనభాషలో మతమునకు ప్రత్యేకమైన మాట లేకుండెను. 'సిద్‌ర్' అనగా ఆచారమను పదమునే వాడెడివారు. తెలుగు పల్లెలలో పెద్దలు 'మా ఇంటి యాచార'మని చెప్పునది ఇదియే.

ఈ పునరుద్ధరణమంతయు చదువుమీదనే ఆధారపడి యున్నది. తమది ఇంటిపాఠము గల మతమని హీథెనులే పరిహాసముగా చెప్పుకొందురు. ఏ దేవతకు ఏ నైవేద్యము, ఏ ఋతువున ఏ పండుగ అని తెలియుటకు వారు స్నోర్రిని, ఆరిని, పురావస్తు నివేదికలను తిరుగవేయుదురు. ఐనను గ్రంథము చెప్పనివి పెక్కు గలవు. పద్యము మిగిలినది గాని దాని పూర్వపు రాగము తెలియదు. పండుగ పేరు మిగిలినది గాని అమ్మమ్మ మనుమరాలికి చెప్పిన మాట మిగులలేదు.

వేరొక చిక్కును కలదు. తెగిన ఆచారమును తిరిగి కట్టువారు తమకు తోచినదానిని పూర్వులపై నారోపింపవచ్చును. జర్మనీలో నాజీలు ప్రాచీనమైన రూన్ లిపి చిహ్నములను జాతిద్వేషమునకు వాడుకొనిరి. నేటికిని అమెరికా, ఐరోపాలలో కొన్ని గుంపులు ఈ మతము శ్వేతజాతి సొత్తని వాదించుచున్నవి. ఐస్‌లాండు సంఘము ఈ వాదమును బహిరంగముగా నిరాకరించినది. పూర్వులను స్మరించుట యొకటి, ఆ స్మరణమును గోడగా కట్టుట వేరొకటి. ఈ వివేకము ఏ దేశమువారికైనను అవసరమే.

నల్లరేగడి నేలలో తెలుగువారు

1529 ప్రాంతమున విశ్వనాథనాయకునితో ఆరంభమైన మధుర నాయకరాజ్యమును 72 పాళెములుగా విభజించిరి. ఆ పాళెగాండ్రలో తెలుగువారు పెక్కుమంది. కోవిల్‌పట్టికి సమీపమునందలి ఎట్టయపురము, ఆ దక్షిణమునందలి పాంచాలంకురిచ్చి ఇట్టి పాళెములే. ఇరుపక్షములును రాజకంబళ నాయకుల కుటుంబములే యైనను, ఆంగ్లేయులతో కలహము వచ్చినపుడు ఒకటి వారితో చేరినది, మరియొకటి వారి నెదిరించినది. పాంచాలంకురిచ్చి పాళెగాడైన వీరపాండ్య కట్టబొమ్మని 1799 అక్టోబరు 16న కయత్తారులో ఆంగ్లేయు లురితీసిరి.

పాళెగాండ్రతోపాటు వ్యవసాయదారులు, సైనికులు, చేతిపనులవారు ననేకులు వచ్చిరి. కమ్మవారు, రెడ్లు, బలిజలు, రాజకంబళమువారు, అరుంధతీయులు ఈ సీమలో తెలుగును ఇంటిభాషగా నిలుపుకొనినవారు. రాజపాళయమున స్థిరపడిన రాజులలో జనించిన పి. ఎస్. కుమారస్వామిరాజాగారు 1949 మొదలు 1952 వరకు మదరాసు రాష్ట్రమునకు ముఖ్యమంత్రిగా నుండిరి. నేటి విరుదునగర మండలమునందలి శ్రీవిల్లిపుత్తూరే ఆముక్తమాల్యదకు రంగస్థలము. తెలుగు సాహిత్యముననే ఆ నేలకు శాశ్వతస్థాన మున్నదన్నమాట.

కానుగచెట్టు వంతెన

రాజకంబళమువారి వలసగాథ 20వ శతాబ్ది తొలినాటి ఆంగ్ల గెజెటీరులందు నమోదైనది. ఉత్తరదేశమున ముసల్మాను ప్రభువులు తమ కన్యలను కోరగా, వారు రాత్రికి రాత్రి దక్షిణమునకు బయలుదేరిరట. వెనుక శత్రువులు తరుముచుండ, ఎదుట దాటరాని యేరు అడ్డమాయెను. అంతట ఇరుగట్టులనున్న కానుగచెట్లు వంగి ఒండొంటిని కలిసికొని వంతెన యైనవి. వారు దాటినంతనే చెట్లు మరల నిటారుగా నిలిచినవి. నాటినుండి కానుగచెట్టును వారు పూజ్యముగా చూతురు.

నార్స్ గాథలలోను లోకములను కలుపునది చెట్టే. దేవలోకమునకు దారి బిఫ్రోస్త్ అను వంతెన. యగ్‌డ్రసిల్ బ్రహ్మాండము నంతటిని నిలిపిన వృక్షము, కానుగ ఒక వంశమును ఒడ్డు చేర్చిన వృక్షము. పరిమాణము వేరైనను, మనుష్యుడు చెట్టునకు ఋణపడి యున్నాడను భావము రెంటను గలదు. యగ్‌డ్రసిల్‌ను గూర్చి స్నోర్రి వ్రాసినందున లోకమంతయు నెరుగును. కానుగచెట్టును గూర్చి పల్లెలోని వృద్ధులు చెప్పవలసియున్నది.

ఈ వలసగాథకు ఒక గొప్ప గ్రంథము పుట్టకపోలేదు. కోవిల్‌పట్టి సమీపమునందలి ఇడైసెవల్ గ్రామమున 1923లో జన్మించి, 2021లో దివంగతులైన కి. రాజనారాయణన్‌గారు తెలుగు ఇంటిభాషగా గల కుటుంబమువారు. 1976లో వెలువడిన 'గోపల్ల గ్రామము' అను వారి నవలలో తెలుగువారు దక్షిణమునకు పారివచ్చిన కథయు, వంగి దారి యిచ్చిన చెట్టును కలవు. దాని తరువాతి నవలయైన 'గోపల్లపురత్తు మక్కళ్' 1991లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమానము నందినది. కరిసల్ సీమ పలుకుబడులకు వారు నిఘంటువును కూర్చిరి. ఒకవిధముగా వారీ నేలకు స్నోర్రి వంటివారు. ఆ నవలలు మాత్రము తమిళములోనివి. వారు చదివిన లిపి, వ్రాసిన సాహిత్యము తమిళము. ఇంట వినిన గాథ తెలుగు. వలసవచ్చినవారి కథ నిలిచినది గాని, వారి యిండ్లలో ఆ కథ చెప్పబడిన భాష కాగితముమీద నిలువలేదు.

జక్కమ్మ, బొమ్మక్క, పేరంటాండ్రు

కట్టబొమ్మని కులదేవత జక్కమ్మ. యక్షశబ్దమునకు వికృతి జక్కు, యక్షిణికి జక్కిణి. ఈ పేరును ఆ వరుసలోనిదిగా తోచును. పాంచాలంకురిచ్చిలో 1974లో నిర్మింపబడిన స్మారకకోట యావరణముననే ఆమె యాలయ మున్నది. చిత్తిరై మాసపు టుత్సవమునకు పల్లెలనుండి జ్యోతులు వచ్చును. వేకువను చిన్న డమరువు మ్రోయించుచు వీధి వీధి తిరిగి శకునము చెప్పు కుడుకుడుప్పై నాయకులు జక్కమ్మ పేరనే పలుకుదురు. వారిని చూచిన ఆంధ్రులకు బుడబుక్కలవారు జ్ఞప్తికి రాకమానరు. దేవదుందుభి యను చర్మవాద్యపు లయకు కాళ్లగజ్జెలతో, చేతిరుమాళ్లతో పురుషులు వరుసగా నాడు దేవరాట్టము రాజకంబళమువారి సొత్తు.

1909లో వెలువడిన ఎడ్గార్ థర్‌స్టన్‌గారి గ్రంథమున వీరి దేవత లిట్లు చెప్పబడిరి. బొమ్మక్క, మల్లమ్మలు పూర్వము సహగమనము చేసిన స్త్రీల యాత్మలు. వీరకారన్ పులితో పోరాడి మరణించిన పెండ్లికొడుకు. పట్టాలమ్మ ఉత్తరమునుండి పారివచ్చునపుడు వారికి తోడ్పడిన తల్లి. మాలైతంబిరాన్ పితృదేవత. పెండ్లికిని, చావునకును వారు బ్రాహ్మణపురోహితులను పిలువరనియు అందు కలదు.

నార్స్ ఆచారమున 'దీసిర్' అను స్త్రీదేవతలు గలరు. వంశమును కనిపెట్టియుండు ఆ దేవతలలో గతించిన తల్లులును గలరని భావించెడివారు. చలికాలపు టారంభమున వారికి బలి యిచ్చెడివారు. తెలుగుదేశమున పేరంటాండ్రను పేర దేవతలైన స్త్రీలను, బొమ్మక్క మల్లమ్మలను వీరితో పోల్చవచ్చును. పులితో పోరిన వీరునకు పూజ, మట్టిదిబ్బ క్రింద నిదురించు పూర్వునకు పూజ, పొలిమేరదేవతకు నైవేద్యము ఇరుచోట్లను గలవు. ఐస్‌లాండునకు వచ్చు ఓడలవారు తీరము కనబడగానే, ఆ నేలను కాచు భూతములు బెదరకుండుటకై, ఓడముందరి ఘోరముఖములను తీసివేయవలెనని ప్రాచీనశాసన ముండెను. పొలిమేర దాటునపుడు అమ్మవారికి మ్రొక్కు తెలుగు రైతున కీ శాసనము వింతగా తోచదు.

సహగమనమును నేడెవ్వరును మెచ్చరు, మెచ్చరాదు. 19వ శతాబ్దిలోనే అది నిషేధింపబడినది. ఐనను బొమ్మక్క పేరును తుడిచివేసినచో ఆమె పడిన బాధయు తుడిచిపోవును. స్మరించుట వేరు, మెచ్చుట వేరు. క్రైస్తవుడైన స్నోర్రి తాను నమ్మని దేవతలను గూర్చి యెట్లు వ్రాసెనో, నేటివారును అట్లే ఉన్నదానిని ఉన్నట్లు వ్రాయవచ్చును.

చేయవలసిన పని

హీథెనులకు లేనిది నల్లరేగడి సీమ తెలుగువారికి గలదు. దేవరాట్టపు అడుగు తండ్రి కాలినుండి కొడుకు కాలికి వచ్చినది. జక్కమ్మ యుత్సవమునకు పంచాంగమే గాని పరిశోధన యక్కరలేదు. కాని ఈ భాగ్యము శాశ్వతమని తలచుట పొరపాటు. పెక్కిండ్లలో తెలుగు చెవికి మాత్రమే తెలిసిన భాష. పిల్లల పాఠశాల తమిళములోనో ఆంగ్లములోనో నడచును. 2006 నాటి చట్టముచేత తమిళము పాఠశాలలలో నిర్బంధ పాఠ్యాంశమైనది. ఉన్న ఊరి భాష నేర్చుట న్యాయమే. ఆ భాషయే ఆ సీమ తెలుగువారికి అన్నము పెట్టినది. కాని వ్యవసాయము విడిచి పట్టణములకు పోయిన కుటుంబములలో ఇంటిభాషకూడ మారుచున్నది. భాష మారినను గుడి యుండును, ఉత్సవ ముండును. కులదేవత యెదుట ముత్తవ పలికిన మాటలు మాత్ర ముండవు. ఐస్‌లాండున పోయినవి ఎనిమిది పత్రములు. ఇచ్చట పత్రములే లేనందున, ఒక వృద్ధురాలు గతించినపు డేమి పోయినదో లెక్కకట్టుటకు కూడ వీలుపడదు.

కావున ప్రతి కుటుంబమును, ప్రతి సంఘమును చేయదగిన పని యొకటి గలదు. ఇంటిపేరు, కులదేవత, ఆ దేవత వెలసిన ఊరు, వలసవచ్చిన దారిని గూర్చి పెద్దలు చెప్పు కథ, పెండ్లిపాటలు, చావుపాటలు, నైవేద్యపు వివరములు, పండుగనాడు పలుకు మాటలు, ఇవి యన్నియు వ్రాసి పెట్టవలెను. తెలుగు లిపి రానివారు తమిళ లిపిలో వ్రాసినను మేలే. శబ్దగ్రహణయంత్రము నేడు ప్రతి జేబులోను ఉన్నది గనుక, పాటను రాగముతోడనే పట్టవచ్చును. ఎవరు చెప్పిరి, ఏ యూర, ఏ సంవత్సరమున అను మూడు విషయములు చేర్చినచో అది ప్రమాణ మగును. మాటను సంస్కరింపరాదు. మధురకు దక్షిణమున నాలుగు వందల యేండ్లు మెలగిన తెలుగు, గుంటూరు తెలుగువలె నుండవలసిన పనిలేదు. ఒక్క కులమువారివి మాత్రమే గాక, అరుంధతీయుల పాటలు మొదలు రాజుల యాచారముల వరకు అందరివియు చేర్చవలెను. ఒక వంశపు టాధిక్యమును చాటుటకై వ్రాసిన గ్రంథము ఎట్టి కీడు చేయునో నార్స్ పురాణముల యాధునిక చరిత్రమే చూపినది.

వ్రాసినంత మాత్రమున ఆచారము బ్రదుకదు. ఐస్‌లాండులో పుస్తకము ఏడువందల యేండ్లకు పైగా భద్రముగా నుండినను, అగ్ని చుట్టును మనుష్యులు మరల కూడునంతవరకు అది మతము కాలేదు. అట్లే కూడుట యొక్కటియే చాలదు. పుస్తకమే లేనిచో, 1972లో వారు కూడినను పలుకుటకు పద్య ముండెడిది కాదు. కోవిల్‌పట్టి, విరుదునగర ప్రాంతముల తెలుగువారికి రెండును ఏకకాలమున లభించు నవకాశము నేడున్నది. జక్కమ్మ జ్యోతి యింకను ఆరలేదు. దాని వెలుగున కూర్చుండి ఆమె కథను ఆమె భాషలో వ్రాసికొనుటకు, ఆ కథ తెలిసినవారు జీవించియున్నప్పుడే తగిన సమయము.